తునికాకు వాసన వచ్చిన వైన్

(బల్లార్షాలో తెలుగు కుటుంబాల సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీలు చాలక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి, మొహమాటపడకండి.

మాట మొదలుపెట్టే ముందు మూడు గిన్నెలు పంపిస్తున్నాను. ఒకదాంట్లో వేయించిన మెంతులున్నాయి. కొంచెం ఎక్కువే వేగాయి, కావాలనే అలా వేయించాను. రెండోదాంట్లో ఎండిన తునికాకు, బీడీలు చుట్టేది. మూడోదాంట్లో ఎండిన ఇప్పపువ్వు. కళ్ళు మూసుకుని ఒక్కసారి వాసన చూసి పక్కవాళ్ళకి అందించండి. వైన్ గురించి చెప్తానని పిలిచి మెంతులు పంచుతున్నాడేమిటి అనిపించవచ్చు. నేను చెప్పాలనుకున్నదంతా ఆ గిన్నెల్లోనే ఉంది. వైన్ మాత్రం చుక్క కూడా తేలేదు. ఇక్కడ పిల్లలున్నారు, తాగని పెద్దలున్నారు.

నన్ను ఎరగనివాళ్ళ కోసం రెండు మాటలు. 1955లో ఇక్కడే పుట్టాను. నాన్న కరీంనగర్ జిల్లా నుంచి బొగ్గు గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, బజార్లో హిందీ. మీలో చాలామంది కథ కూడా ఇదే. నేను కాగితం మిల్లు ల్యాబ్‌లో 31 ఏళ్ళు కెమిస్టుగా చేశాను. వెదురునీ కట్టెనీ రసాయనాల్లో ఉడకబెట్టి, అందులో పీచుని అతికించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని కరిగించి తీసేసి, మిగిలిన పీచుని తెల్లబరిస్తే కాగితం అవుతుంది. లిగ్నిన్ అన్న మాట గుర్తుపెట్టుకోండి, దానితో మళ్ళీ పని పడుతుంది.

ముందు వైన్ అన్న మాట తేల్చుకుందాం. తెలంగాణలో, ఆంధ్రలో వీధి వీధికీ ‘వైన్స్’ అని బోర్డు ఉంటుంది. లోపల అమ్మేది విస్కీ, బ్రాందీ, బీరు. అసలు వైన్ ఏ మూలనో రెండు సీసాలుంటే ఉన్నట్టు. అందుకని మనవాళ్ళకి వైన్ అంటే మందు అనే అర్థమే స్థిరపడిపోయింది. నిజానికి వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం. ద్రాక్షలోని చక్కెరని ఈస్టు తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. సారాలాగా బట్టీ పెట్టరు. మామూలు వైన్‌లో ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం దాకా ఉంటుంది.

మనకి తెలిసిన పానీయం కల్లు. తెల్లవారి చెట్టు దింపిన కల్లు ఎండెక్కేసరికి ఒక రుచి, పొద్దుగూకేసరికి ఇంకో రుచి. మర్నాటికి పనికిరాదు. దాని ఆయుష్షు గంటల్లో లెక్క. అందుకే తాగేదాన్ని ఇరవై, ముప్ఫై ఏళ్ళు దాచిపెట్టడమంటే మనకు వింతగా ఉంటుంది. కానీ దాచడం మాత్రం మనకు కొత్త కాదు. పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుందని అమ్మలు వెతికి మరీ కొంటారు. చింతపండు ఏడాది దాటి నల్లబడితేనే పులుసుకి నిండుదనం. ఆయుర్వేదంలో ద్రాక్షారిష్టం పులియబెట్టి చేసేదే, ఆసవాలు పాతబడేకొద్దీ గుణం పెరుగుతుందని శార్ఙ్గధర సంహితలోనే ఉంది.

అయితే ఏ వైన్ అయినా పాతబడితే గొప్పదవుతుందనుకుంటే పొరపాటే. లోకంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం రెండు మూడేళ్ళలో తాగేయడానికే. నిలవ ఉండి బాగుపడాలంటే దానిలో ముందే సత్తా ఉండాలి. ఆ సత్తా వగరు నుంచి రావచ్చు, పులుపు నుంచి రావచ్చు, తీపి నుంచి రావచ్చు. వగరంటే టానిన్. పచ్చి జామకాయ కొరికినప్పుడు నాలుక బిగుసుకుపోతుందే, అదే. ఎర్ర వైన్‌లో ఆ టానిన్లు ఏళ్ళ తరబడి ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతో కలిసి గొలుసుల్లా పెరుగుతాయి. బరువెక్కి చివరికి మడ్డిగా అడుక్కి దిగుతాయి. నాలుక మీద వగరు మెత్తబడుతుంది. ఎర్ర వైన్ వెలిసి ఇటుక రంగుకి వస్తుంది, తెల్ల వైన్ ముదిరి బంగారు రంగుకి, తేనె రంగుకి వెళుతుంది. బాగా పాతబడితే రెండూ ఒకే రంగు వైపు నడుస్తాయి. మొదటిసారి చదివినప్పుడు ఈ సంగతి నాకు ఎంతో నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది.

ఇక మా ఐదుగురి సంగతి. ఒకే బడి, ఒకే బెంచీ. ఒకడు డాక్టరై నాగపూర్‌లో స్థిరపడ్డాడు. ఒకడు ఓడల్లో ఇంజినీరుగా సగం ప్రపంచం తిరిగి ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటున్నాడు. ఒకడు గనిలో ఓవర్‌మాన్‌గా, అంటే పని చూసే సూపర్‌వైజరుగా, రిటైరయ్యాడు, ఇక్కడే ఉన్నాడు. ఇంకొకడు సిరొంచలో స్కూలు మాస్టారుగా పనిచేశాడు. వాడు తాగడు. వాళ్ళది గడ్చిరోలి జిల్లా, అక్కడ 1993 నుంచి మద్యనిషేధం ఉంది. దాని కోసం ఊరూరా ఆడవాళ్ళు ఎంత పోరాడారో దగ్గరగా చూసినవాడు, అందుకే ముట్టడు. మేమూ ఏనాడూ తాగమని అడగలేదు. ఐదోవాణ్ణి నేను.

సీసాలు కూడబెట్టింది ఓడ ఇంజినీరు. విదేశం నుంచి వచ్చే మనిషి 2 లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే మామూలు 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. వచ్చినప్పుడల్లా రెండేసి తెచ్చి నాగపూర్‌లో డాక్టరింట్లో పెట్టేవాడు. ఎందుకంటే డాక్టరు దగ్గర వైన్ దాచే చల్లని బీరువా ఒకటి ఉంది, ఎప్పుడూ 13 డిగ్రీల మీద నడుస్తుంది, కరెంటు పోతే ఇన్వర్టరు. ‘మనం అందరం కలిసినప్పుడు’ అన్నది ఒప్పందం. ఎక్కడ కలవాలన్నది కూడా ముందే అనుకున్నదే. గని మిత్రుడి ఇంటి వాకిట్లో. ఎందుకంటే చదువుకునే రోజుల్లో మాకు దీపం పెట్టి, అన్నం పెట్టి, పరీక్షల ముందు రాత్రిళ్ళు మాతోపాటు మేలుకున్నది వాళ్ళమ్మ. ఆమె ఊరు దాటి రాలేదు. ఆమె లేకుండా కలవడం మాకు ఇష్టం లేదు.

2014లో ముహూర్తం అనుకున్నాం, ఓడ సమయానికి రాలేదు. 2015 ఏప్రిల్ 1 నుంచి మన చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం వచ్చింది, 2021 దాకా ఉంది. ఆ ఆరేళ్ళూ సీసాలు నాగపూర్‌లోనే పడుకున్నాయి. మధ్యలో కరోనా. అంతా సర్దుకుని, మాకు కావలసిన పర్మిట్లు తీసుకుని, 2024 జనవరిలో కనుమ నాడు కలిశాం. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఎవడూ ఆ రాత్రికి బండెక్కే వీలు లేకుండా ఆ రోజే పెట్టుకున్నాం. పైగా మన దగ్గర చలి ఉండే నెలల్లో అదొకటి.

చలి సంగతి ఎందుకంటున్నానో నా అనుభవం చెప్తాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ బాధే. 2009లో నాసిక్ వెళ్ళినప్పుడు మంచి ఎర్ర వైన్ ఒకటి కొన్నాను. రిటైరయ్యే రోజున తెరుద్దామని పడగ్గదిలో స్టీలు బీరువా మీద నిలబెట్టాను. మన ఊళ్ళో మే నెల ఎండ ఎంతో మీకు చెప్పక్కర్లేదు, 46, 47 డిగ్రీలు మనకు మామూలే. 2013లో తీసి చూస్తే కార్క్ అర అంగుళం పైకి తన్నుకొచ్చి ఉంది, సీసా మెడ మీద జిగటగా చారలు. గ్లాసులో పోస్తే ఉడికిపోయిన టమాటా వాసన. అది తయారుచేసినవాళ్ళ తప్పు కాదు, ముమ్మాటికీ నాదే. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని రోజూ ల్యాబ్‌లో కుర్రాళ్ళకి చెప్పేవాణ్ణి నేనే. 13 డిగ్రీల దగ్గర నెమ్మదిగా జరగాల్సింది 43 దగ్గర ఎనిమిది రెట్లు వేగంగా జరుగుతుంది. వేగం ఒక్కటే కాదు, చల్లగా ఉంటే అసలు మొదలే కాని చర్యలు కూడా మొదలవుతాయి. కాబట్టి మీలో ఎవరింట్లో అయినా ఎవరో ఇచ్చిన వైన్ సీసా షోకేసులో, లైటు కింద, ఏళ్ళ తరబడి నిలబడి ఉంటే దయచేసి దాని మీద ఆశ పెట్టుకోకండి. వెలుతురు తగలకూడదు, వేడి తగలకూడదు, కార్క్ ఉన్న సీసాని పడుకోబెట్టాలి. నిలబెడితే కార్క్ ఎండి సన్నబడుతుంది, గాలి దూరుతుంది.

ఆ సాయంత్రానికి వద్దాం. తిండి విషయంలో ముందే ఆ ఇంటి వదినతో మాట్లాడాం. మనకి కారం లేనిదే ముద్ద దిగదు. కానీ కారానికి ఆల్కహాల్ తోడైతే నోట్లో మంట రెట్టింపవుతుంది, పాత వైన్‌లో ఉండే సన్నని రుచి ఆ మంటలో కనపడకుండా పోతుంది. పుంటికూర పులుపు కూడా అంతే, పక్కన వైన్ చప్పబడిపోతుంది. అందుకని మేక మాంసం మిరియాలతో, మసాలా తగ్గించి, కట్టెల పొయ్యి మీద మూడు గంటలు. కాల్చిన వంకాయ పచ్చడిలో పచ్చిమిర్చి రెండే రెండు. జొన్నరొట్టెలు. సంక్రాంతికి చేసిన అరిసెలు, నువ్వుల లడ్డూలు, ఇక్కడి అలవాటు ప్రకారం పురణ్‌పోళీ, అదే మన పోలెలు. కారం కావలసినవాళ్ళకి సావ్జీ మటన్ వేరే గిన్నెలో. దాన్ని చివరికి వాయిదా వేశాం.

తాగేవాళ్ళం నలుగురం, ఐదు సీసాలు. ఒక్కోదాంట్లోంచి రెండు మూడు గుక్కలు మాత్రమే అని ముందే మాట అనుకున్నాం. మాస్టారు ముందు కూడా ఒక గ్లాసు పెట్టాం, వాసన చూస్తానన్నాడు కాబట్టి.

మొదటిది జర్మనీలో మోజెల్ లోయ రీస్లింగ్, 1998 పంటది. తెల్ల వైన్. గడ్డిరంగులో ఉండాల్సింది ఇత్తడి రంగుకి వచ్చింది. డాక్టరు గ్లాసు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, నేర్చుకున్న ఇంగ్లిషు మాటలేవో మొదలుపెట్టబోయాడు. ఈలోగా గని మిత్రుడు ‘‘అరే, మన దీపం బుడ్డి!’’ అన్నాడు. అంతే, ఐదుగురం ఒక్క నిమిషం మాట్లాడలేదు. కిరోసిన్ వాసన. నిజంగానే. ఆ వాకిట్లోనే, ఆ అరుగు మీదే, ఒక్క కిరోసిన్ దీపం చుట్టూ ఐదు తలలు పెట్టి చదువుకున్నాం, ముందు జుట్టు కాలిన రోజులున్నాయి. రీస్లింగ్ ద్రాక్ష తొక్కలో కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలుంటాయి. ఎండకి అవి విడిపోయి, ఏళ్ళు గడిచేకొద్దీ టీడీఎన్ అనే పదార్థం వైన్‌లో పుడుతుంది. దాని వాసన అచ్చం కిరోసిన్‌లా, పెట్రోలులా ఉంటుంది. లేత వైన్‌లో అది ఎక్కువగా ఉంటే లోపం అంటారు, పాత రీస్లింగ్‌లో అదే గుర్తు. దాని వెనక నిమ్మతొక్క, తేనె వస్తాయి. మాకు మాత్రం ముందు దీపం వచ్చింది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. వైన్ పుస్తకాలు చదివితే బ్లాక్‌కరంట్ అంటారు, గూస్‌బెర్రీ అంటారు, సెడార్ కట్టె అంటారు. ఈ వయసు దాకా నేను బ్లాక్‌కరంట్ పండుని చెట్టున చూడలేదు. ఆ మాటలు అక్కడివాళ్ళ పెరట్లోంచి వచ్చాయి, వాళ్ళకి అవి నిజం. మన ముక్కుకి మన పెరటి మాటలు కావాలి. వాసనకి సొంతంగా పేర్లుండవు, ఎప్పుడూ ‘ఫలానా దానిలా’ అనే చెప్పాలి. ఆ ఫలానా ఏమిటో చెప్పగానే అర్థం కావాలంటే ఎదుటివాడు కూడా అదే వాకిట్లో పెరిగి ఉండాలి. పాత వైన్‌ని పాత స్నేహితులతోనే తాగాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

రెండో సీసా బరోలో, ఇటలీ ఎర్ర వైన్, 1996. అందరం ఎక్కువ ఆశ పెట్టుకున్నది దీని మీదే. కార్క్ తీయగానే నాకు అర్థమైపోయింది. వానాకాలం గోడౌన్లో తడిసిన అట్టపెట్టెల వాసన. ల్యాబ్‌లో ఎన్నేళ్ళు పీల్చానో ఆ వాసన! దీన్ని వైన్ వాళ్ళు ‘కార్క్‌డ్’ అంటారు. దీనికి కారణం టీసీఏ అనే పదార్థం, పూర్తి పేరు ట్రైక్లోరోఅనిసోల్. ఇక్కడ నా ఉద్యోగం అక్కరకొచ్చింది. క్లోరిన్ ఎక్కడ మొక్క పదార్థంతో కలిసినా క్లోరోఫినాల్స్ అనే రసాయనాలు పుట్టే అవకాశం ఉంది. మిల్లుల్లో క్లోరిన్‌తో గుజ్జుని తెల్లబరిచే పద్ధతి మీద ప్రపంచమంతా ఆంక్షలు వచ్చింది ఇలాంటి పదార్థాల వల్లే. కార్క్ కూడా చెట్టు బెరడే కదా. ఆ ఓక్ చెట్టు నుంచి తొమ్మిదేళ్ళకోసారి బెరడు ఒలుస్తారు, ప్రపంచంలో సగం కార్క్ పోర్చుగల్‌దే. ఒకప్పుడు కార్కుల్ని క్లోరిన్ నీళ్ళతో కడిగేవారు. ఆ క్లోరోఫినాల్స్‌ని బూజు పట్టుకుని టీసీఏగా మారుస్తుంది. లీటరుకి గ్రాములో వంద కోట్లో వంతు లెక్కన నాలుగైదు వంతులున్నా మన ముక్కు పట్టేస్తుంది. ఆరోగ్యానికి హాని ఏమీ లేదు, వైన్ సువాసన మాత్రం చచ్చిపోతుంది. 27 ఏళ్ళ నాటి వైన్. పక్కన పెట్టేశాం. ఓడ మిత్రుడి ముఖం చూడలేకపోయాను. బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు, సీసా తెరిస్తేనే తెలుస్తుంది.

మూడోది ఫ్రాన్స్‌లో బోర్డో ఎర్ర వైన్, మెడాక్ ప్రాంతానిది, ఇదీ 1996దే. మహా ఖరీదైన పేర్లలోది కాదు. రెండు రోజుల ముందే సీసాని నిలబెట్టి ఉంచాం, మడ్డి అడుక్కి దిగడానికి. పాత కార్క్ పొడిపొడిగా విరుగుతుంది కాబట్టి మామూలు స్క్రూ కాకుండా రెండు రేకుల పనిముట్టుని కార్క్‌కీ గాజుకీ మధ్యలో దించి, తిప్పుతూ లాగాడు డాక్టరు. చేతులు ఆపరేషన్‌లో ఉన్నంత నిదానంగా కదిలాయి. తర్వాత గాజు కూజాలోకి వంచుతుంటే నేను సీసా మెడ కింద సెల్‌ఫోన్ టార్చి పట్టుకున్నాను. పలచని ఎరుపు దారలా జారుతూ జారుతూ, ఒక్కసారిగా మెడ దగ్గర నల్లటి పొగలాంటిది కదిలింది. ‘‘ఆపు’’ అన్నాను. ఆపేశాడు. సీసాలో రెండు వేళ్ళ మందం మిగిలింది, అది మడ్డి.

గ్లాసు వంచి తెల్ల గుడ్డ మీద పట్టి చూస్తే నడుమ దానిమ్మ రంగు, అంచున ఇటుక రంగు. తాగని మాస్టారు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. తర్వాత మెల్లగా ‘‘తునికాకు కల్లం రా ఇది. పొద్దున కట్టలు తిప్పేటప్పుడు’’ అన్నాడు. మే నెలలో బడికి సెలవులు, ఊరంతా అడవికి పోయి తునికాకు తెంపి, కట్టలు కట్టి కల్లంలో ఆరబెడతారు కదా. పైన ఎండిన ఆకు, అడుగున ఇంకా పచ్చి, కింద వేడి నేల, ఇవన్నీ కలిసిన వాసన. మేం కూడా సెలవుల్లో వాళ్ళ మేనమామ వాళ్ళ ఊరు వెళ్ళి ఆకు కట్టలు కట్టాం. వాడు ఆ మాట అనేదాకా నాకు ఏదో ఆకు అనిపించింది గాని అందలేదు. అన్నాక ఇంక వేరేది తోచలేదు. వైన్ పుస్తకాల్లో దీన్నే చుట్టల పెట్టె అంటారు, పొగాకు అంటారు. మాస్టారి మాట నాకు వాటికన్నా దగ్గరగా ఉంది.

దాని వెనక సన్నగా వెనీలా. ఇదిగో లిగ్నిన్ మళ్ళీ వచ్చింది. బోర్డోలో వైన్‌ని 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఉంచుతారు. పీపా చేసేటప్పుడు లోపల నిప్పుతో కాలుస్తారు. ఆ వేడికి ఓక్ చెక్కలోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ అవుతుంది, అది వైన్‌లో దిగుతుంది. ఒకప్పుడు ఐస్‌క్రీముల్లో వేసే వెనిలిన్‌ని కూడా కాగితం మిల్లులు పారబోసే ద్రావణంలోని లిగ్నిన్ నుంచే తీసేవారు. పాత పుస్తకం తెరిస్తే వచ్చే తియ్యని వాసనలో కూడా దీని పాలు ఉంది. 31 ఏళ్ళు ఏ పదార్థాన్ని కాగితంలోంచి తీసేయడానికి తంటాలు పడ్డానో అదే నా గ్లాసులో సువాసనగా నిలబడింది. నాకు ఆ క్షణంలో కలిగిన సంతోషాన్ని మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

అయితే అంత పాత ఎర్ర వైన్‌కి గాలి ఎక్కువసేపు పడదు. ముప్పావుగంటకి ఆకు వాసన పలచబడింది, గంటకి పుల్లదనం ఒక్కటే మిగిలింది. కొందరు పాత వైన్‌ని కూడా గంటల తరబడి కూజాలో ఉంచమంటారు. నేను ఒప్పుకోను. అది లేత, వగరు వైన్లకి చేసే పని. పాతదాన్ని మడ్డి వేరుచేసి వెంటనే తాగాలి, మాటలు ఆ తర్వాత.

నాలుగోది చిన్న సీసా, 375 మిల్లీలీటర్లది, ఫ్రాన్స్‌లోనే సోటెర్న్ ప్రాంతానిది, 2001. తియ్యని వైన్. ఇది పుట్టే చోటు గురించి మీకు చెప్పి తీరాలి. సిరోన్ అనే చిన్న చల్లని ఏరు వెళ్ళి వెచ్చని గరోన్ నదిలో కలుస్తుంది. శరదృతువులో ఆ సంగమం దగ్గర పొద్దున్నే మంచు కమ్ముతుంది, మధ్యాహ్నం ఎండ కాస్తుంది. ఆ తేమకి ద్రాక్ష మీద బోట్రైటిస్ అనే బూజు పడుతుంది. అది తొక్కకి సన్నని రంధ్రాలు చేస్తే, ఎండకి నీరు ఆవిరై కాయ ముడుచుకుని తీపి చిక్కబడుతుంది. కాయలన్నీ ఒకేసారి కావు కాబట్టి అయినవాటిని అయినట్టు ఏరుతూ తోటంతా నాలుగైదు సార్లు తిరుగుతారు. మన వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయ్యే చోట చలికాలం పొద్దున నిలబడితే ఆ మంచు ఎలా ఉంటుందో మాస్టారుకి తెలుసు. ప్రాణహిత ఒడ్డున ఇల్లు వాడిది.

ఈసారి పేరు పెట్టింది గని మిత్రుడు. ‘‘ఇప్పపువ్వు. ఎండినాక బానలో పోసి మూత తీస్తే.’’ అది కూడా అంతే, సరిగ్గా అదే. ఎండు ద్రాక్షా కాదు, తేనే కాదు, రెండింటి మధ్య ఒక చిక్కని తీపి వాసన. పోలెలతో కలిపి తిన్నాం. వదిన కూడా ఒక చెంచా రుచి చూసి, పోలె మీద వేసుకుంటే బాగుంటుందంది.

చివరిది మదీరా. ఆఫ్రికా తీరానికి ఎదురుగా అట్లాంటిక్‌లో పోర్చుగల్ వాళ్ళ దీవి. ఇది వేడిలో పుట్టిన వైన్, అందుకే నాకు దీని మీద ప్రత్యేకమైన ప్రేమ. పూర్వం ఓడల అడుగున పీపాలు పెట్టుకుని భూమధ్యరేఖ దాటి ఇండియా దాకా వచ్చేవాళ్ళు. ఆ ఎండకి, ఊగులాటకి చెడిపోవాల్సిన వైన్ బాగుపడి తిరిగి వచ్చింది. వెళ్ళి వచ్చిన వైన్ అని దానికి పేరే పెట్టారు, వీన్యో ద రోద. తర్వాత ఓడల అవసరం లేకుండా అక్కడే వేడిచేయడం నేర్చుకున్నారు. మామూలు రకాలని 45 నుంచి 50 డిగ్రీల వేడిలో కనీసం మూడు నెలలు ఉంచుతారు. విన్నారా, అది మన మే నెల! మేలురకాలని పీపాల్లో పోసి ఇంటి పైకప్పు కింద, ఎండ తగిలే అటక మీద ఏళ్ళ తరబడి వదిలేస్తారు. వాటిలో ఫ్రాస్కేరా అనే రకం కనీసం 20 ఏళ్ళు పీపాలో ఉండాలి. మాది అలాంటిదే, బువాల్ ద్రాక్షది. ఓడ మిత్రుడు ఆ దీవిలోని ఫుంచల్ రేవులో దిగినప్పుడు కొన్నాడు.

సీసా తెరిచి నాలుగు గ్లాసుల్లో వంచాడో లేదో, లోపలి గదిలోంచి గని మిత్రుడి అమ్మ గొంతు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి, మంచం దిగడం లేదు, మధ్యాహ్నం నుంచి పెద్దగా మాట్లాడలేదు. ‘‘ఎవడ్రా మెంతులు మాడవెట్టింది?’’

మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. పొయ్యి ఆరిపోయి రెండు గంటలైంది. గ్లాసు తీసుకుని గదిలోకి వెళ్ళి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. ‘‘గిదే’’ అంది. ‘‘మామిడికాయ తొక్కుకి వేయించినప్పుడు జరంత ఆగితే ఇట్లనే మాడుతయి’’ అంది. మాలో ఇంకెవరి తల్లీ అప్పటికి లేదు, ఆమె ఒక్కతే. ఓడ మిత్రుడు ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

మర్నాడు పొద్దున నేను పుస్తకం తీసి చూశాను. సోటోలోన్ అని ఒక పదార్థం ఉంది. పాత మదీరాలో, కొన్ని పాత తియ్యని వైన్లలో ఏళ్ళ మీద పుడుతుంది. మెంతులకి ఆ వాసన ఇచ్చేది కూడా అదే పదార్థం. పోలిక కాదండీ, రెండింట్లో ఉన్నది ఒకటే అణువు. ఆమె తప్పు చెప్పలేదు, దగ్గరి మాటా చెప్పలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చదువు లేని మనిషి, వైన్ అన్న మాట కూడా విని ఉండదు, వంటగది గోడ అవతలి నుంచి చెప్పింది.

మదీరాకి ఒక సౌలభ్యం ఉంది. వేడినీ గాలినీ ముందే చూసేసింది కాబట్టి తెరిచాక కూడా నెలల తరబడి చెడదు. సగం సీసా మిగిలింది. మళ్ళీ డాక్టరింటికే పంపాం. దాని కార్క్ మాత్రం మాస్టారు అడిగి జేబులో వేసుకున్నాడు. సిరొంచ వెళ్ళాక భార్యకి వాసన చూపించి వంటగదిలో మెంతుల డబ్బాలో వేశాడట. ఆ ఎండాకాలం అమ్మ పోయింది. దినానికి వచ్చినప్పుడు వాడు ఆ డబ్బా వెంట తెచ్చాడు. మీ దగ్గర తిరుగుతున్న మొదటి గిన్నెలో ఉన్నవి అందులోవే, వాడిచ్చినవే. చివరి వరుసకి ఇంకా చేరినట్టు లేదు, కాస్త వెనక్కి అందించండి.